హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, జవాబులు

2016లోనూ 2020లోనూ మా కాలనీలో ఇంటింటికీ తిరిగి ఓటరు స్లిప్పులు పంచాను. రెండుసార్లూ గుమ్మం దగ్గర అవే ప్రశ్నలు ఎదురయ్యాయి. ఇప్పుడు కాలనీ వాట్సాప్ గ్రూపులోనూ అవే వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## అసలు ఇది ఏ ఎన్నిక?

ఎమ్మెల్యేకి ఓటేశాం కదా, మళ్లీ కార్పొరేటర్ ఎందుకు?

ఎమ్మెల్యే అసెంబ్లీలో కూర్చుంటారు. రాష్ట్రానికి చట్టాలు, రాష్ట్ర బడ్జెట్ అక్కడ తేలుతాయి. కార్పొరేటర్ మీ వార్డు తరఫున నగరపాలక సంస్థ కౌన్సిల్‌లో కూర్చుంటారు. చెత్త బండి, వీధి దీపాలు, కాలనీ రోడ్లు, నాలాల పూడిక, పార్కులు, దోమల మందు, ఆస్తిపన్ను, ఇళ్ల అనుమతులు చూసేది ఆ సంస్థే. ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో చాలా వార్డులు ఉంటాయి కాబట్టి, మీ గల్లీ పేరు చెప్పగానే గుర్తుపట్టే అవకాశం ఎమ్మెల్యే కన్నా కార్పొరేటర్‌కే ఎక్కువ. మనం కట్టే ఆస్తిపన్ను ఎక్కడ ఖర్చవుతుందో అడిగే హక్కు మన తరఫున ఆ మనిషికి ఉంది. ఇంత దగ్గరి ఎన్నికను మన నగరం ఇంత తేలిగ్గా తీసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

2020లో వేసిన వార్డులోనే ఇప్పుడూ ఓటు ఉంటుందా?

ఉంటుందని అనుకోవద్దు. 2007 ఏప్రిల్‌లో పాత హైదరాబాద్ నగరపాలక సంస్థలో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడింది. 2009, 2016, 2020 ఎన్నికలు 150 వార్డులకు జరిగాయి. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఉన్న 27 పట్టణ సంస్థలను కలిపేశారు. వాటిలో నిజాంపేట, బోడుప్పల్, పీర్జాదిగూడ, బడంగ్‌పేట లాంటి 7 కార్పొరేషన్లు, మణికొండ, నార్సింగి, శంషాబాద్, అమీన్‌పూర్, తెల్లాపూర్, మేడ్చల్ లాంటి 20 మున్సిపాలిటీలు ఉన్నాయి. వార్డులను మళ్లీ గీసి 300 చేశారు. చాలా పాత వార్డులు విడిపోయాయి. మెయిన్ రోడ్డుకు ఇటువైపు ఒక వార్డు, అటువైపు ఇంకో వార్డు అయిన చోట్లూ ఉన్నాయి. పాత స్లిప్పు, పాత బూత్ నంబరు పట్టుకుని బయల్దేరకండి. ఏ కార్పొరేషన్, ఏ వార్డు, ఏ పోలింగ్ కేంద్రం అన్నది ఎన్నికల ముందు ప్రకటించే వార్డు ఓటరు జాబితాలో మీ పేరు వెతికి చూసుకుంటేనే ఖాయం.

మాది బోయిన్‌పల్లి, కంటోన్మెంట్ ఏరియా. మాకు ఈ ఓటు ఉంటుందా?

మీ ఇల్లు సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు హద్దుల్లో ఉంటే ఈ ఓటు ఉండదు. కంటోన్మెంట్ కేంద్ర రక్షణ శాఖ కింద, 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రకారం నడుస్తుంది. దానికి వేరే బోర్డు, వేరే వార్డులు ఉన్నాయి. ఆ బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. 2023 ఏప్రిల్ 30న మళ్లీ జరుపుతామని ప్రకటించి తర్వాత రద్దు చేశారు. ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లు మాత్రం మీకు మామూలుగానే ఉంటాయి. బోయిన్‌పల్లిలో, తిరుమలగిరిలో ఒక వీధి కంటోన్మెంట్ అయితే పక్క వీధి కాకపోవచ్చు. ఇంటి పన్ను రసీదు ఎవరి పేరుతో వస్తోందో చూస్తే తేలిపోతుంది.

ఈ ఎన్నికలు జరిపేది ఢిల్లీలోని ఎన్నికల సంఘమేనా?

కాదు. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలు భారత ఎన్నికల సంఘం జరుపుతుంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు, కార్పొరేషన్ల ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం జరుపుతుంది. రెండూ వేర్వేరు రాజ్యాంగ సంస్థలు. ఈ తేడా తెలియక చాలామంది ఫిర్యాదును ఒకరికి బదులు ఇంకొకరికి పంపి, జవాబు రాలేదని ఊరుకుంటారు. కార్పొరేషన్ ఎన్నికల్లో తప్పు కనిపిస్తే రాష్ట్ర ఎన్నికల సంఘానికి గానీ, మీ వార్డు రిటర్నింగ్ అధికారికి గానీ రాయాలి.

గడువు అయిపోయినా ఎన్నికలు పెట్టకుండా ఉండొచ్చా?

రాజ్యాంగం ప్రకారం మున్సిపల్ పాలకమండలి గడువు 5 ఏళ్లు. అది ముగిసేలోపే కొత్త ఎన్నికలు పూర్తి కావాలి. 1992 నాటి 74వ సవరణ చెప్పింది ఇదే. ఆచరణలో మన నగరం అనుభవం వేరు. 1991 నుంచి 2002 దాకా హైదరాబాద్‌కు ఎన్నికైన కౌన్సిలే లేదు. 2009లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2014 డిసెంబర్‌లో తీరితే, మళ్లీ పోలింగ్ 2016 ఫిబ్రవరి 2న జరిగింది. ఆ మధ్యంతా ప్రత్యేకాధికారి పాలనే. 2021 ఫిబ్రవరి 11న ప్రమాణం చేసిన కౌన్సిల్ గడువు 2026 ఫిబ్రవరి 10తో తీరింది. వార్డుల విభజన, రిజర్వేషన్లు, కోర్టు కేసులు అని ప్రతిసారీ ఏదో ఒక కారణం ఉంటుంది. కారణం నిజమే అయినా, మన సమస్యను కౌన్సిల్‌లో లేవనెత్తే మనిషి లేకుండా నెలలు గడవడం మాత్రం మంచిది కాదు. అధికారులు ఎంత బాగా పనిచేసినా వాళ్లు మనకు జవాబుదారులు కారు, పై అధికారులకు జవాబుదారులు.

## ఓటు నమోదు దగ్గర

ఓటరు కార్డు చేతిలో ఉంది. అంటే ఓటు ఉన్నట్టేగా?

కాదు. కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. జాబితాలో పేరు ఉండి కార్డు లేకపోయినా వేరే గుర్తింపు చూపించి వేయొచ్చు. 2020లో మా వీధిలో ఒక పెద్దాయన ఇరవై ఏళ్ల నాటి కార్డు పట్టుకుని వచ్చారు. ఇల్లు మారినప్పుడు పేరు తీసేశారని ఆ రోజే తెలిసింది. క్యూలో అంతసేపు నిలబడి వెనక్కి వెళ్లిపోయారు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఎన్నికలు లేని రోజుల్లోనే, ఏడాదికోసారైనా, ఇంట్లో అందరి పేర్లూ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఎన్నికల సంఘం యాప్‌లో కార్డు నంబరు కొడితే నిమిషంలో తెలుస్తుంది. 1950కి ఫోన్ చేసినా చెబుతారు.

కార్పొరేషన్ ఎన్నికల కోసం వేరే నమోదు చేసుకోవాలా?

అక్కర్లేదు. అసెంబ్లీ ఓటరు జాబితానే వార్డులవారీగా విడదీసి ఈ ఎన్నికలకు వాడతారు. కాబట్టి అసెంబ్లీ జాబితాలో పేరుంటే వార్డు జాబితాలోకి వస్తుంది, అక్కడ లేకపోతే ఇక్కడా ఉండదు. కొత్తగా చేరాలంటే ఫారం 6. ఇల్లు మారినా, పేరులోనో వయసులోనో తప్పు దిద్దుకోవాలన్నా ఫారం 8. చనిపోయినవాళ్ల పేరు తీయించాలంటే ఫారం 7. ఈ చివరిది మనం పట్టించుకోం గానీ, చనిపోయినవాళ్ల పేర్లు జాబితాలో మిగిలిపోతేనే దొంగ ఓట్లకు దారి దొరుకుతుంది.

విభజించేటప్పుడు పొరపాట్లు జరుగుతాయి. ఒకే ఇంట్లో భార్య ఒక వార్డులో, భర్త ఇంకో వార్డులో పడ్డ ఇళ్లు నేనే చూశాను. ముసాయిదా జాబితా పెట్టినప్పుడు అభ్యంతరాలకు కొద్ది రోజులే ఇస్తారు. దిద్దించుకోవాలంటే ఆ కొద్ది రోజుల్లోనే రాసివ్వాలి.

మా ఊళ్లో ఓటు ఉంది. హైదరాబాద్‌లో కూడా పెట్టుకోవచ్చా?

కుదరదు. ఒక మనిషికి ఒకచోటే ఓటు ఉండాలి. రెండుచోట్ల ఉంచుకోవడం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టానికి విరుద్ధం. ఇంకెక్కడా ఓటు లేదని దరఖాస్తులో అబద్ధం రాయడం నేరం.

నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే. ఇందులో చట్టం కన్నా మనసు పెద్దది. నల్గొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లు, గోదావరి జిల్లాల నుంచి, గుంటూరు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే ఇరవై ఏళ్లుగా ఉన్నా ఓటు మాత్రం ఊళ్లోనే ఉంచుకుంటారు. సర్పంచ్ ఎన్నికకు బస్సెక్కి వెళ్తారు. అక్కడ అమ్మానాన్నలు ఉన్నారు, పొలం ఉంది, పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉన్నారు. ఆ బంధం నాకు అర్థమవుతుంది, దాన్ని తప్పు పట్టను. కానీ పిల్లలు చదివేది ఇక్కడ, వానకు నీళ్లొచ్చేది ఇక్కడి సెల్లారులోకి, పన్ను కట్టేది ఇక్కడ. నా అభిప్రాయం అడిగితే, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో అక్కడే ఓటు ఉండటం న్యాయం. చట్టం చెప్పేదీ అదే, సాధారణంగా నివసించే చోటే ఓటు. మార్చుకోవాలంటే ఫారం 8 పెడితే చాలు, పాత చోట పేరు తీసేసి కొత్త చోట చేరుస్తారు.

అద్దెకుంటున్నాం, ఓనర్ ఒప్పుకోవాలా?

ఓనర్ అనుమతితో పనిలేదు. మీరు అక్కడ నివసిస్తున్నారనడానికి ఆధారం ఉంటే చాలు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, కరెంటు లేదా నీటి బిల్లు, రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం, వీటిలో ఏదైనా పనికొస్తుంది. బీఎల్‌ఓ, అంటే బూత్ స్థాయి అధికారి, ఇంటికి వచ్చి విచారిస్తారు. ఆ సమయానికి తాళం వేసి ఉంటే దరఖాస్తు తిరస్కరించే అవకాశం ఉంది కాబట్టి పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. హాస్టళ్లలో ఉండే విద్యార్థులు కూడా ఇక్కడ నమోదు చేసుకోవచ్చు.

నోటిఫికేషన్ వచ్చాక నమోదు చేసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. 2020లో ఎంత వేగంగా జరిగిందో చూడండి. నవంబర్ 13న తుది వార్డు జాబితా వచ్చింది. 17న నోటిఫికేషన్ ఇచ్చారు. 18 నుంచి 20 దాకా నామినేషన్లు, 22న ఉపసంహరణ, డిసెంబర్ 1న పోలింగ్, 4న లెక్కింపు. నోటిఫికేషన్ నుంచి పోలింగ్‌కు పట్టింది రెండు వారాలు. అసెంబ్లీ ఎన్నికల్లా నెలల తరబడి హడావిడి ఉండదు. టీవీలో తేదీలు చూశాక ఫారం నింపితే ఆ ఎన్నికకు అందదు. ఈ పేజీ చదువుతున్న రోజే చూసుకోవడం మంచిది.

## నిలబడాలనుకునేవాళ్లకు

నేను కార్పొరేటర్‌గా పోటీ చేయొచ్చా? ఏం ఉండాలి?

21 ఏళ్లు నిండాలి. ఆ కార్పొరేషన్‌లో ఏదో ఒక వార్డులో ఓటరై ఉండాలి. మీరు ఉండే వార్డులోనే నిలబడాలన్న నియమం లేదు, వేరే వార్డు నుంచీ పోటీ చేయొచ్చు. కానీ మీ పేరు ప్రతిపాదించేవారు మాత్రం పోటీ చేసే వార్డు ఓటరే కావాలి. రిజర్వుడు వార్డు అయితే కుల ధ్రువీకరణ పత్రం కావాలి. ఆస్తులు, అప్పులు, చదువు, క్రిమినల్ కేసుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి. కార్పొరేషన్‌కు పన్ను బాకీ ఉంటే ముందే కట్టేయండి. చిన్న కాగితం లోపంతో నామినేషన్ పోయినవాళ్లు ఉన్నారు. చివరి రోజు మధ్యాహ్నం దాకా ఆగకుండా మొదటి రోజే వేస్తే, తప్పు ఉన్నా దిద్దుకోవడానికి టైం దొరుకుతుంది.

డిపాజిట్ ఎంత? ఎంత ఖర్చు పెట్టొచ్చు?

2020లో డిపాజిట్ ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు 2,500 రూపాయలు, మిగతావాళ్లకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది తిరిగి రాదు. ఖర్చు పరిమితి 5 లక్షల రూపాయలు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్కలు అప్పగించాలి, ఓడిపోయినా సరే. ఓడిపోయాం కదా అని లెక్కలు ఇవ్వకుండా వదిలేసి, తర్వాతి ఎన్నికల్లో పోటీకి అనర్హులైనవాళ్లు ఎందరో. కొత్త నోటిఫికేషన్‌లో ఈ అంకెలు మారొచ్చు, అది వచ్చిన రోజే రిటర్నింగ్ అధికారి దగ్గర చూసుకోండి.

మా వార్డు మహిళలకు రిజర్వ్ అయింది. ఎలా నిర్ణయిస్తారు?

మొత్తం వార్డుల్లో సగం మహిళలకు. ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిని బట్టి. 2020లో 150 వార్డుల లెక్క ఇలా ఉంది: ఎస్టీలకు 2, ఎస్సీలకు 10, బీసీలకు 50, జనరల్ మహిళలకు 44, ఎవరైనా పోటీ చేయగలిగినవి 44. ఎస్టీ, ఎస్సీ, బీసీ వార్డుల్లోనూ సగం మహిళలకే. వార్డులను మళ్లీ గీస్తే ఈ లెక్క కూడా మొదటి నుంచి మొదలవుతుంది.

మహిళా వార్డుల్లో గోడ మీద పేరు ఆమెది, పక్కన భర్త ఫొటో పెద్దగా ఉండటం మీరూ చూసే ఉంటారు. గెలిచాక సమస్య చెప్పుకోవడానికి వెళ్తే ఆమె బదులు భర్తో కొడుకో మాట్లాడతారు. నేను మాత్రం ఎప్పుడూ కార్పొరేటర్‌తోనే మాట్లాడతానని చెబుతాను. మొదట కాస్త ఇబ్బంది పడతారు. రెండోసారి వెళ్లేసరికి ఆమే బయటికి వచ్చి కాగితం తీసుకుంటారు. ఆ కుర్చీలో ఆమె నిలదొక్కుకోవడం మనం ఎవరిని అడుగుతామన్నదాని మీద కూడా ఆధారపడి ఉంది.

## ప్రచారం, పోలింగ్ రోజు

కోడ్ వచ్చిందని మాకు రావాల్సిన సాయం ఆపేశారు. న్యాయమేనా?

2020 అక్టోబర్‌లో నగరాన్ని వరద ముంచెత్తింది. ముంపు ఇళ్లకు 10,000 రూపాయల సాయం ప్రకటించారు. ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చాక, నవంబర్ 18న ఆ పంపిణీ ఆపమని రాష్ట్ర ఎన్నికల సంఘం చెప్పింది. అప్పటికి మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరి ఉన్నారు. పోలింగ్ ముందు ప్రభుత్వం చేతి నుంచి ఓటరు చేతికి డబ్బు వెళ్తే అది ఓటు మీద పనిచేస్తుందన్నది నియమం వెనక ఆలోచన, అది సరైనదే. నిజంగా ఇల్లు మునిగినవాళ్లకు కలిగిన కష్టమూ అబద్ధం కాదు. తేదీలు పెట్టేటప్పుడే ఇలాంటి సాయం ముందు పూర్తి చేసి ఉంటే ఆ తల్లులు రోజంతా లైన్లో నిలబడి ఉత్త చేతులతో వెళ్లే అవసరం ఉండేది కాదు.

ఈవీఎంలా, బ్యాలెట్ పేపరా?

ఏది వాడాలో రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రతి ఎన్నికకూ నిర్ణయిస్తుంది. 2016లో ఈవీఎంలు వాడారు. 2020లో కోవిడ్ కారణంగా బ్యాలెట్ పేపర్లు వాడారు. పేపర్ అయితే రెండు జాగ్రత్తలు తీసుకోండి. అధికారి ఇచ్చే స్వస్తిక్ ముద్రతో, మీరు ఎంచుకున్న గుర్తు గడిలోనే వేయాలి. సిరా అవతలి గుర్తుకు అంటకుండా మడవాలి. 2020లో నేరేడ్‌మెట్‌లో స్వస్తిక్ బదులు వేరే ముద్ర పడ్డ ఓట్ల గురించి కేసు హైకోర్టుకు వెళ్లి, ఫలితం డిసెంబర్ 9 దాకా ఆగింది. ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ ఆపి డిసెంబర్ 3న మళ్లీ జరిపారు. అభ్యర్థి పేరు, గుర్తు రెండూ సరిపోలాయో చూసి ముద్ర వేయండి. తేడా కనిపిస్తే అక్కడే అధికారికి చెప్పండి.

ఓటరు కార్డు పోయింది. ఏం చూపించాలి?

ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు లాంటి ఫొటో ఉన్న గుర్తింపులను ఒప్పుకుంటారు. కాపీ కాదు, అసలు కార్డే తీసుకెళ్లండి. ఓటరు స్లిప్పు మీ వరస నంబరు దొరకడానికే, అది గుర్తింపు పత్రం కాదు.

నేను వెళ్లేసరికి నా ఓటు ఎవరో వేసేశారు. ఇప్పుడేం చేయాలి?

గొడవపడి వెనక్కి రాకండి. మీరే అసలు ఓటరని రుజువు చూపించి టెండర్ ఓటు అడగండి. ప్రిసైడింగ్ అధికారి వేరే బ్యాలెట్ ఇచ్చి, దాన్ని విడిగా కవర్లో పెడతారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు, కోర్టు కేసు పడితే పనికొస్తుంది. మీ ఓటు ఫలితంలో కలవకపోవడం బాధే. కానీ దొంగ ఓటు పడిందన్న సంగతి కాగితం మీదికి ఎక్కడం ముఖ్యం. తక్కువ తేడాతో తేలే వార్డుల్లో అలాంటి కాగితాలే సాక్ష్యం. 2020లో బీఎన్ రెడ్డి నగర్‌లో గెలుపోటముల మధ్య వంద ఓట్ల తేడా కూడా లేదు.

డబ్బు తీసుకుని మనకు నచ్చినవాళ్లకు వేస్తే తప్పేంటి?

ఓటుకు డబ్బు ఇవ్వడమూ, తీసుకోవడమూ రెండూ నేరాలే. ఈ ప్రశ్న ఎక్కువగా ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లు అడిగారు, వాళ్లను తప్పుపట్టే మనసు నాకు లేదు. నేను చెప్పేది ఒక్కటే. డబ్బు ఇచ్చినవాళ్లు రేపు మీ మాట వినరు, మీకు ఇవ్వాల్సింది ఇచ్చేశామనుకుంటారు. ఖర్చుపెట్టింది ఎక్కడి నుంచి రాబట్టుకుంటారో రోడ్డు వేసిన ఆరు నెలలకే తెలుస్తుంది.

ఎవరూ నచ్చలేదు. ఇంట్లో కూర్చుంటే పోలా?

2020 బ్యాలెట్‌లో నోటా కూడా ఉంది. ఎవరూ వద్దనుకుంటే వెళ్లి అది చెప్పొచ్చు. ఇంట్లో కూర్చున్నవాళ్ల అభిప్రాయం ఎక్కడా నమోదు కాదు. 2020లో సుమారు 74 లక్షల ఓటర్లలో వేసినవాళ్లు 46.55 శాతం. 1,122 మంది పోటీలో ఉన్నారు. పోలింగ్ మంగళవారం, అంతకుముందు సోమవారం కార్తీక పౌర్ణమి సెలవు, దానికి ముందు శని, ఆదివారాలు. చాలామంది ఊళ్లకు వెళ్లారు, కోవిడ్ భయమూ ఉంది. అయినా కంచన్‌బాగ్‌లో 70 శాతం దాటితే, యూసుఫ్‌గూడలో 33 శాతం కూడా రాలేదు. సెలవూ కోవిడూ రెండు వార్డులకూ ఒకటే కదా, ఆ తేడా నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ముగ్గురిలో ఇద్దరు రాని చోట, వచ్చిన ఆ ఒక్కరి ఓటు కూడా నాలుగైదు పార్టీల మధ్య చీలుతుంది. అలా వార్డులో పదో వంతు, ఆరో వంతు జనం మద్దతుతోనే కార్పొరేటర్ గెలిచే పరిస్థితి వస్తుంది. ఆ కొద్దిమంది ఉండే గల్లీలకే ముందు పని జరుగుతుంది.

## లెక్కింపు తర్వాత

ఎక్కువ సీట్లు వచ్చిన పార్టీదే మేయర్ పదవా?

అలా ఏమీ లేదు. కౌన్సిల్‌లో ఓటింగ్‌లో ఎవరు గెలిస్తే వాళ్లే మేయర్. 2009లో కాంగ్రెస్‌కు 52, తెలుగుదేశానికి 45, మజ్లిస్‌కు 43 వచ్చాయి. కాంగ్రెస్, మజ్లిస్ పదవిని పంచుకున్నాయి. ముందు బండ కార్తీక రెడ్డి, 2012 జనవరి నుంచి మాజిద్ హుస్సేన్ మేయర్లయ్యారు. 2016లో టీఆర్‌ఎస్ 99 గెలిచి ఎవరి అవసరం లేకుండా బొంతు రామ్మోహన్‌ను ఎన్నుకుంది. 2020లో టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. ఎవరికీ సగం రాలేదు. మజ్లిస్ కూడా మద్దతివ్వడంతో గద్వాల్ విజయలక్ష్మి మేయర్ అయ్యారు.

మేయర్ ఎన్నికలో ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎందుకు ఓటేస్తారు?

వాళ్లు కౌన్సిల్‌లో పదవిరీత్యా సభ్యులు. నగర పరిధిలోని ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఇక్కడ పేరు నమోదు చేసుకున్న ఎమ్మెల్సీలు, రాజ్యసభ సభ్యులు ఇందులోకి వస్తారు. 2021 ఫిబ్రవరిలో 149 మంది కార్పొరేటర్లకు తోడు 44 మంది ఇలాంటి సభ్యులు ఉన్నారు. 150 కాకుండా 149 ఎందుకంటే, లింగోజిగూడలో గెలిచినాయన ప్రమాణం చేయకముందే చనిపోయారు. అక్కడ ఏప్రిల్ 30న ఉప ఎన్నిక జరిగింది. మనం ఏ వార్డులోనూ ఎన్నుకోని 44 మంది మేయర్‌ను నిర్ణయించడంలో పాలుపంచుకోవడం నాకు సరిగా అనిపించదు. చట్టం మాత్రం అలాగే ఉంది.

మేయర్‌ను మనమే నేరుగా ఎందుకు ఎన్నుకోం?

ఒకప్పుడు ఎన్నుకున్నాం. 2002లో తీగల కృష్ణారెడ్డి ప్రజల ఓటుతో నేరుగా మేయర్ అయ్యారు. తర్వాత చట్టం మార్చి, కార్పొరేటర్ల ద్వారా ఎన్నుకునే పద్ధతి తెచ్చారు. అందుకే ఇప్పుడు మీ చేతిలో ఒక్క ఓటే ఉంటుంది, కార్పొరేటర్‌కు.

ఒక పార్టీ గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీలోకి దూకితే పదవి పోదా?

ఎమ్మెల్యేలకు, ఎంపీలకు వర్తించే రాజ్యాంగం పదో షెడ్యూల్, అంటే పార్టీ ఫిరాయింపుల చట్టం, కార్పొరేటర్లకు వర్తించదు. మేయర్, డిప్యూటీ మేయర్ ఎన్నికలో పార్టీ విప్, అంటే ఎవరికి ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరిస్తే మాత్రం పదవి పోతుంది. ఆ ఎన్నిక అయిపోయాక కండువా మార్చినా కూర్చున్న కుర్చీ కదలదు. 2024 మార్చిలో మేయరే బీఆర్‌ఎస్ నుంచి కాంగ్రెస్‌లో చేరి, పదవిలో కొనసాగారు. ఓటేసేటప్పుడు గుర్తుతో పాటు మనిషిని కూడా చూడమని నేను చెప్పేది అందుకే.

పనిచేయని మేయర్‌ను మధ్యలో దించొచ్చా?

ప్రజలు దించలేరు. కౌన్సిల్ అవిశ్వాస తీర్మానం పెట్టొచ్చు, అదీ నాలుగేళ్లు నిండాకే. నెగ్గాలంటే మూడింట రెండొంతుల బలం కావాలి. హైదరాబాద్‌లో ఆ దాకా రాలేదు కానీ విశాఖపట్నంలో వచ్చింది. 2021 మార్చిలో అక్కడ 98 వార్డులకు 58 వైఎస్సార్‌సీపీ గెలిచి, గొలగాని హరి వెంకట కుమారి మేయర్ అయ్యారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక చాలామంది కార్పొరేటర్లు తెలుగుదేశం కూటమి వైపు వెళ్లారు. 2025 ఏప్రిల్ 19న అవిశ్వాసం పెట్టారు. నెగ్గడానికి 74 ఓట్లు కావాలి, సరిగ్గా 74 పడ్డాయి. ఆ నెలలోనే పీలా శ్రీనివాసరావు మేయర్ అయ్యారు.

## గెలిచాక వాళ్లతో పని

కార్పొరేటర్ నిజంగా ఏం చేయగలరు?

సొంతంగా చెక్కు మీద సంతకం పెట్టి రోడ్డు వేయించలేరు. ఇంటికి అనుమతి ఇవ్వలేరు, పన్ను మాఫీ చేయలేరు. అలా చేస్తానని ఎవరైనా అంటే నమ్మొద్దు. ప్రతి నెలా అందేది గౌరవ వేతనం, కొన్ని వేల రూపాయలే. చేయగలిగింది వార్డుకు కావాల్సిన పనులు ప్రతిపాదించడం, అధికారుల వెంటపడటం, కౌన్సిల్ సమావేశంలో ప్రశ్న లేవనెత్తడం, బడ్జెట్ మీద ఓటేయడం. సమావేశంలో ఒక్క ప్రశ్న అడగని కార్పొరేటర్ కన్నా, పది ప్రశ్నలు అడిగి మూడు పనులు సాధించినవాళ్లు ఎంతో మేలు.

మేయర్ పెద్దా, కమిషనర్ పెద్దా?

మర్యాదలో మేయర్, పనిలో కమిషనర్. కౌన్సిల్ సమావేశాలకు మేయర్ అధ్యక్షత వహిస్తారు. కార్యనిర్వాహక అధికారం మాత్రం ప్రభుత్వం నియమించే ఐఏఎస్ అధికారి చేతిలో ఉంటుంది. సిబ్బంది, టెండర్లు, బిల్లులు ఆయన కిందే. మధ్యలో 15 మంది కార్పొరేటర్లతో స్టాండింగ్ కమిటీ ఉంటుంది. ఒక పరిమితి దాటిన ఖర్చులు, బడ్జెట్ ముసాయిదా దాని ముందుకు వస్తాయి. మీ కార్పొరేటర్ ఆ కమిటీలో ఉన్నారో లేదో కనుక్కోండి. ఉంటే మీ ఏరియా పని గురించి అడగడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

మ్యాన్‌హోల్ పొంగుతోంది. కార్పొరేటర్‌కి ఫోన్ చేయాలా, ఇంకెవరికైనానా?

మురుగు, తాగునీరు జలమండలి పని. వాళ్ల నంబరు 155313. వాన నీళ్ల కాలువ, నాలా, చెత్త, వీధి దీపం, రోడ్డు గుంత జీహెచ్‌ఎంసీ పని. వాళ్లది 040-21111111. కరెంటు పోతే విద్యుత్ సంస్థకు 1912. చెరువు, పార్కు స్థలం కబ్జా అయితే 2024 జూలైలో ఏర్పడిన హైడ్రాకు చెప్పొచ్చు.

ఒకసారి మా వీధిలో మురుగు పొంగితే రెండు ఆఫీసులు ఇది మాది కాదంటే మాది కాదని నాలుగు రోజులు తిప్పాయి. ముక్కు మూసుకుని అన్నం తిన్నాం. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకుంటాం. ఫొటో తీస్తాం. రెండు రోజుల్లో పని కాకపోతే ఆ నంబరు, ఫొటో, తేదీలతో కార్పొరేటర్‌కు ఒక కాగితం ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకుంటాం. నోటిమాటగా చెబితే మర్చిపోతారు. కాగితం ఉంటే వాళ్లకూ అధికారిని నిలదీయడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

మా వార్డుకు ఎంత డబ్బు వచ్చింది, ఏం పనులు చేశారో ఎలా తెలుసుకోవాలి?

సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో మీ సర్కిల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రశ్న చిన్నగా, స్పష్టంగా ఉండాలి. ఉదాహరణకు: ఫలానా వార్డులో ఫలానా ఆర్థిక సంవత్సరంలో మంజూరైన పనుల జాబితా, ఒక్కోదాని అంచనా మొత్తం, కాంట్రాక్టర్ పేరు, చెల్లించిన బిల్లు, పూర్తయిన తేదీ. వచ్చిన జాబితా తీసుకుని ఆదివారం పొద్దున నలుగురూ కలిసి వీధుల్లో నడవండి. జాబితాలో ఉన్న రోడ్డు అక్కడ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ జాబితా మీద టిక్కులు పెట్టి సోమవారం కార్పొరేటర్ దగ్గరికి వెళ్లండి.